డబ్ల్యూ ఏ ఎస్ డి దేవుడు పెట్టిన రూల్ కాదు

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. "స్కాలర్‌షిప్పులు రాక మనం తిప్పలు పడుతుంటే వీడికి గేముల బాధ వచ్చిందా" అని కొందరు అంటారని తెలుసు. మొత్తం చదివినాక అనండి, పడతాను.

పోయిన నెల మా కాలేజీ ఫెస్ట్‌లో కౌంటర్ స్ట్రైక్ పోటీ పెట్టారు. టీముకు ఐదుగురు. మా హాస్టల్ నుంచి మేమూ పేర్లిచ్చాం. మాలో అందరికన్నా బాగా ఆడేది మా పక్క రూమ్ తమ్ముడు. వాడికి ఎడమ చెయ్యి మణికట్టు కింద లేదు. ఏడో తరగతిలో ఉన్నప్పుడు అడవి పందుల కోసం చేను చుట్టూ కట్టిన కరెంటు తీగ తగిలింది. ప్రాణం దక్కింది, చెయ్యి పోయింది. వాడి పేరు రాయడం లేదు. విషయం మాత్రం రాయమని వాడే చెప్పాడు.

మరి ఎట్లా ఆడతాడు అంటారా? ఈ గేమ్‌లో మామూలుగా కుడి చెయ్యి మౌస్ మీద, ఎడమ చెయ్యి డబ్ల్యూ, ఏ, ఎస్, డి అనే నాలుగు కీల మీద ఉంటాయి. నడిచేది ఆ నాలుగింటితోనే. మావాడు పాత సామాన్ల షాపులో ఒక కీబోర్డు కొన్నాడు. దూరం దూరంగా నాలుగు కీలు ఉంచి మిగతావన్నీ పీకేశాడు. ఆ నాలుగింటి మీద తెగిపోయిన హవాయి చెప్పు ముక్కలు కోసి అంటించాడు. దాన్ని బల్ల కింద పెట్టి కాళ్లతో నడుస్తాడు. బల్ల మీది కీబోర్డులో స్పేస్ బార్‌ను మోచేత్తో నొక్కి ఎగురుతాడు. తుపాకీ నింపడం మౌస్ చక్రానికి పెట్టుకున్నాడు. ఇందులో దొంగ సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు. కంప్యూటర్‌కు రెండు కీబోర్డులు పెడితే రెండూ పనిచేస్తాయి. ఏ పనికి ఏ కీ అని మార్చుకునే పేజీ గేమ్ సెట్టింగ్స్‌లోనే ఉంది. మూడు నెలలు మా చేతిలో ఓడిపోయాడు. నాలుగో నెల నుంచి మేం వాడి చేతిలో ఓడిపోతున్నాం.

పోటీ రోజు బల్ల దగ్గర కూర్చున్న సీనియర్లు ఏమన్నారంటే, "సొంత కీబోర్డు కుదరదు తమ్మీ. కీలు మార్చొద్దు. ల్యాబ్‌లో ఉన్నది ఉన్నట్టే ఆడాలె. అందరికీ ఒకటే రూల్." వెనక నుంచి ఇంకొకడు "కాళ్లతో ఆడేటోడు ఫుట్‌బాల్‌కు పోవాలె" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్విన వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మీరు రూల్ అనుకుంటున్న డబ్ల్యూ ఏ ఎస్ డి కూడా ఒకప్పుడు ఒకరి సొంత ఏర్పాటే. 1993లో వచ్చిన డూమ్‌లో గానీ, 1996లో వచ్చిన క్వేక్‌లో గానీ గేమ్‌తో పాటు ఇచ్చింది బాణం గుర్తుల కీలు. ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకునేవాళ్లు. 1997లో అమెరికాలో జరిగిన పెద్ద క్వేక్ పోటీలో థ్రెష్ అనే పేరుతో ఆడే డెన్నిస్ ఫాంగ్ గెలిచాడు. బహుమతి ఏంటో తెలుసా? క్వేక్ తయారుచేసిన వాళ్లలో ఒకరైన జాన్ కార్మాక్ సొంత ఫెరారీ కారు. ఫాంగ్ ఆడింది డబ్ల్యూ ఏ ఎస్ డి మీద, మౌస్ మీద. దాంతో జనం అతని పద్ధతి పట్టుకున్నారు. 1998లో వచ్చిన హాఫ్ లైఫ్ వాటినే మొదటి నుంచి పెట్టి ఇచ్చింది. కౌంటర్ స్ట్రైక్ పుట్టింది ఆ హాఫ్ లైఫ్ మీదనే. ఆ రోజు ఫాంగ్‌ను కూడా "ఉన్నది ఉన్నట్టే ఆడు" అని ఉంటే మీ రూల్ ఎక్కడిది?

"కాళ్లు కూడా వాడితే అదనపు లాభం కదా, అది మోసం కాదా" అని మా క్లాస్‌మేట్ ఒకడు మర్యాదగానే అడిగాడు. మంచి ప్రశ్న. మోసం అంటే మనిషి చేయాల్సిన పని యంత్రం చేసిపెట్టడం. ఒక్క నొక్కుడుకు రెండు మూడు పనులు వాటంతట అవే జరిగే ఏర్పాట్లను 2024 ఆగస్టులో వాల్వ్ కంపెనీ కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో ఆపేసింది. సరైన పనే. మావాడి కీబోర్డులో ఒక నొక్కుడుకు ఒకటే పని. నొక్కేది కాలు, అంతే తేడా. అంత లాభం ఉంటే రెండు చేతులున్న మీరు చెప్పు ముక్కలు అంటించుకుని ఒక రౌండ్ ఆడి చూపించండి.

గేములు అమ్మే కంపెనీలకే లేని అభ్యంతరం ఇది. 2018లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. పైన రెండు పెద్ద బటన్లు, వెనక 19 రంధ్రాలు. కాలితో నొక్కేదో, మోచేత్తో నొక్కేదో, ఎవరి ఒంటికి కుదిరిన స్విచ్ వాళ్లు అందులో గుచ్చుకోవచ్చు. 2023లో సోనీ కూడా అలాంటిది తెచ్చింది. మైక్రోసాఫ్ట్ దాని ధర దాదాపు వంద డాలర్లు పెట్టింది. మన దగ్గర అంత డబ్బు లేక చెప్పు ముక్కలతో చేసుకున్నాం. పని అదే. కంపెనీ చేస్తే టెక్నాలజీ, మావాడు చేస్తే కామెడీనా?

పరీక్షల్లో చూడండి. రాయలేని వాళ్లకు స్క్రైబ్‌ను ఇస్తారు, గంటకు 20 నిమిషాలు ఎక్కువ ఇస్తారు. అది కాపీ కొట్టడం అని ఎవరూ అనరు. ఇట్లాంటి తగిన సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షే అని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

ఇక అసలు బాధ. ఆ సీనియర్ల కన్నా నా మీద నాకే కోపం ఎక్కువ. వాడిని పక్కన పెట్టినాక మేం ఏం చేశాం? ఇంకొకడిని తీసుకుని ఆడాం. నేను కూడా ఆడాను. నోరు విప్పలేదు. "అందరికీ ఒకటే రూల్, మెరిట్ ఉంటే రా" అని ఎవరైనా మన రిజర్వేషన్ గురించి అంటే ఇదే గ్రూపులో వంద కామెంట్లు పెడతాం కదా. మన మధ్యలో ఒకడికి అదే మాట ఎదురైతే మనకు వినపడలేదు. మొదటి రౌండ్‌లోనే ఓడిపోయి వచ్చాం. గెలిచి వచ్చినా సిగ్గే.

అందుకే రెండు పనులు చేద్దాం. ఒకటి, వచ్చే ఫెస్ట్ రూల్స్‌లో "అవసరమైన వాళ్లు తమ కంట్రోల్స్ తెచ్చుకోవచ్చు, ముందే చూపించాలి, ఒక నొక్కుడుకు ఒకటే పని" అని రాయమని ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇస్తున్నాం. రెండు, మన సంఘం పెట్టే పోటీల్లో ఈ రూల్ ముందు మనమే పెట్టాలి.

ఆ కీబోర్డు ఇప్పుడు వాడి మంచం కింద ఉంది. ఆ రోజు నుంచి బయటికి తీయలేదు. ఉత్తరంలో సంతకం చేసేవాళ్లు కింద పేరు, కాలేజీ రాయండి. నా సంతకం మొదటిది.