జారుడు నేల – రౌతు ధర్మము

ఈవెంటింగ్ అను మూడంచెల గుర్రపు పోటీ నిబంధనలలో చదువరి సాధారణముగా గమనింపక దాటిపోవు విశేషమొకటి కలదు. కంచె యెదుట గుర్రము నిలిచిపోయి దూకుటకు నిరాకరించినచో రౌతు లెక్కలో ఇరువది తప్పులు చేరును. అదే కంచెయొద్ద రెండవమారు నిరాకరించినచో మరి నలుబది చేరును. కాని ఆ రౌతే ఉదయమున నేలను పరిశీలించి, ఇది నా గుర్రమునకు తగిన నేల కాదని నిశ్చయించుకొని, బయలుదేరకమునుపే తన పేరును ఉపసంహరించుకొనెనేని అతనికి ఒక్క తప్పైనను పడదు. లోకాచారమన్ననో దీనికి తలక్రిందులుగా నున్నది. గుర్రము ఆగినచో చూచువారు జాలిపడుదురు; మనుష్యుడు ఆగినచో పిరికివాడని నవ్వుదురు. ఈ రెండింటిలో నిబంధనయే వివేకవంతమైనదనియు, జారుడు నేలపై ఔత్సాహికుడైన రౌతునకు వెనుదీయుట కొన్ని వేళల ముఖ్యధర్మమనియు చెప్పుటయే ఈ వారపు నా ప్రయత్నము.

అల్ ఖర్జ్ వంటి యెడారి పట్టణమునుండి జారుడు నేలను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. రియాదునకు ఆగ్నేయముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్న ఈ ప్రాంతము ఎడారియే యైనను నీటికి పేరుపడిన ఎడారి. సున్నపురాతి నేల క్రుంగి యేర్పడిన లోతైన సహజ కూపములనుండి నీరు తోడి, కాలువలు త్రవ్వించి, అబ్దుల్ అజీజు రాజు ఇచట పొలములు సాగుచేయించెను. 1940 ప్రాంతముల అమెరికా వ్యవసాయ నిపుణులు వచ్చి ఆ సేద్యమునకు తోడుపడిరి. 1951లో దమ్మాము రేవునుండి రియాదునకు వేసిన రైలుదారి ఈ ఊరి మీదుగనే పోయినది. ఆ రాజుగారి గుర్రపుసాలలు కూడ ఒకప్పుడు ఖర్జులోనే యుండెడివి. నేడు అల్ సాఫీ, అల్‌మరాయ్ సంస్థల పాడిక్షేత్రములు వేలకొలది ఆవులతో ఈ పరిసరములనే వర్ధిల్లుచుండగా, ఆ పశువుల మేతకై చక్రాకారముగా తిరుగు నీటిగొట్టముల క్రింద పచ్చని వలయములు ఇసుక నడుమ పరచుకొని యున్నవి. రియాదు మీదుగా దిగివచ్చు వాదీ హనీఫా ఈ దిక్కునకే ప్రవహించును. శీతకాలమున ఎప్పుడో యొకనాడు వాన పడినప్పుడు, నెలల తరబడి ఎండకు కాగి గట్టిపడిన ఒండ్రునేల పైపొర మాత్రము తడిసి, అడుగున రాయివలె నిలిచియుండును. జారుడు నేలలన్నిటిలో ఇదియే మిక్కిలి మోసకారి.

ఈ సంగతి నాకు పుస్తకము చెప్పలేదు. జగిత్యాల ప్రాంతమునుండి వచ్చి ఇచటి యొక గుర్రపుసాలలో పనిచేయుచున్న సోదరుడొకడు చెప్పెను. రాత్రి చినుకులు పడి వెలిసిన యొకనాటి ప్రాతఃకాలమున అతడు గుర్రపు కాలిని తన మోకాళ్ళ నడుమ ఇరికించుకొని, లాడము మడమల కొనలయందలి మర రంధ్రములలో కూరియున్న నూనెదూదిని మేకుమొనతో పెల్లగించుచుండెను. దూదితోపాటు ఇసుక కొంత రాలెను. పిమ్మట మరకొట్టు పనిముట్టును ఆ రంధ్రములో నిదానముగా త్రిప్పి, దారలను శుభ్రపరచి, చిటికెనవ్రేలి కొనంత యుక్కు ముల్లును చేతితో బిగించి, కడపట పానాతో ఒక్క పట్టు పట్టెను. నాలుగు కాళ్ళకును ఎనిమిది ముండ్లు. వెనుకకాళ్ళకు మొద్దుగా నున్నవి, ముందుకాళ్ళకు చిన్నవి. 'ఇంత తడికి ఇవి చాలునా?' అని నేనడుగగా, అతడు తల యెత్తకయే, 'పైన పొర తడిసింది సారూ, కింద బండలెక్కున్నది. బురదైతే కాలు దిగి ఆగుతది. ఇండ్ల కాలు దిగది, ఆగది. ఇది బురద కన్న ఖరాబు' అనెను. ఆ నాలుగు మాటలలో నేలశాస్త్రమంతయు ఇమిడియున్నది.

ఆ మాటలకు కొంత వ్యాఖ్యానము చేసెదను. సుమారు 500 కిలోల బరువుగల జంతువు వేగముగా వచ్చి, కంచె దాటి, ఒక్క ముందుకాలిపై దిగునప్పుడు ఆ గిట్ట నేలపై కొంచెము జారి నిలుచుట ప్రకృతి సిద్ధము. ఆ కొంచెపు జారుటయే కీళ్ళకును స్నాయువులకును తగులు అదురును మ్రింగివేయును. గట్టినేలపై పొడవైన ముల్లు బిగించినచో గిట్ట ఒక్కపెట్టున బిగిసిపోయి, ఆ అదురంతయు కాలిపైకి ప్రాకును; ముల్లు లేకున్నచో మలుపులో నాలుగు కాళ్ళును ఒకేమారు ప్రక్కకు పోయి గుర్రము రౌతుపై పడవచ్చును. కనుక గట్టినేలకు చిన్నదియు మొనగలదియు, మెత్తనినేలకు పెద్దదియు మొద్దుదియు నగు ముల్లు వాడవలెనని పెద్దలు నియమము చేసినారు. కాని పైన మెత్తన, క్రింద గట్టి యగు ఖర్జునేలకు ఈ రెండు నియమములును సగము సగమే పనిచేయును. పనిముట్టు ఆగిపోయిన చోట వివేకము మొదలు కావలసి యున్నది.

ఆ వివేకమున తొలిమెట్టు వేగమును విడుచుట. క్రీడ యొక్క మూడు అంగములలో మొదటిదగు డ్రెస్సేజ్ నందు గుర్రపు విధేయతను, కడపటిదగు షో జంపింగ్ నందు దాని సున్నితమును పరీక్షింతురు. నడిమిదగు క్రాస్ కంట్రీ యందు మాత్రము చెట్లు, గుంటలు, దూలములు, నీటిమడుగులు గల బయటినేలపై నిర్ణీతకాలములో పరుగెత్తవలెను. ఆ కాలము మించిన ప్రతి సెకనుకు 0.4 తప్పు పడును. అనగా 50 సెకనులు ఆలస్యముగా వచ్చిన రౌతు నష్టపోవునది గుర్రము ఒక్కమారు నిరాకరించినంత మాత్రమే. మలుపునకు చాల ముందే వేగము తగ్గించుకొని, మలుపును వెడల్పుగా తీసికొని, అడుగును కుదించి, గుర్రమును నిటారుగా కంచెకెదురు నిలిపి నడిపించినవాడు ఆ 50 సెకనులను పోగొట్టుకొని జంతువును కాపాడుకొనును. ఔత్సాహికులలో పెక్కురు ఈ లెక్క నెరుగక కాదు. గడియారము గుండెలపై టకటకలాడుచుండగా ఎరిగినదానిని మరచుట వలననే జారుదురు.

రెండవ మెట్టు, పైన చెప్పినట్లు, బయలుదేరకుండుట. దీనిని గూర్చి మాటలాడునప్పుడే మనకు వీరగాథలు అడ్డువచ్చును. ఈ క్రీడ పుట్టుక సైనికమైనది. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్సులో మొదటిమారు జరిగినప్పుడు పాల్గొన్నవారు సేనాధికారులు, పరీక్షింపబడినది యుద్ధాశ్వము. 1936లో బెర్లినునందు నాలుగవ అడ్డంకిగా నుంచిన నీటిమడుగు అడుగు అంతుచిక్కనిదై, గుర్రములు వరుసగా కూలెను. బయలుదేరిన 50 మందిలో 27 మందియే పోటీ ముగించిరి. మూడు గుర్రములు ప్రాణములు కోల్పోయెను. ఆ మడుగుననే పడి, జత్రుకాస్థి విరిగియు మరల గుర్రమెక్కి, మరునాడు కట్టు కట్టుకొని కంచెలు దూకి, జర్మనీ జట్టునకు స్వర్ణము తెచ్చిన ఫాన్ వాంగెన్‌హైము కథను ఈనాటికిని గుర్రపు స్వారి నేర్పుచోట్ల చెప్పుకొందురు. చనిపోయిన మూడు గుర్రముల కథ ఎవరును చెప్పరు. 1968లో మెక్సికో ఒలింపిక్సునందు కుంభవృష్టి కురిసి వాగులు పొంగిన పిమ్మటను పరుగు ఆపక సాగించిరి. అచట రెండు గుర్రములు మరణించెను.

వాంగెన్‌హైమును నేను నిందింపను. అతడు సైనికుడు, ఆజ్ఞ యొకటి అతని వెనుక నుండెను, పతాక మొకటి అతని ముందు నుండెను. వారాంతమున తన సంతోషముకొరకు గుర్రమెక్కు వైద్యునకో, ఇంజనీరునకో, విద్యార్థినికో ఏ ఆజ్ఞయు లేదు. లేని యాజ్ఞను ఉన్నట్లు భావించి, లేని యుద్ధమును తెచ్చిపెట్టుకొని, తనదికాని కాలిని విరుగగొట్టుట శౌర్యము కానేరదు. 'రౌతు మెత్తనైతే గుర్రము మూడుకాళ్ళ నడుచును' అని మనవారు చెప్పిన సామెత పనిదొంగ గుర్రమునకు వర్తించును. జారునేలపై నిలుచుటకు నాలుగు కాళ్ళను వెదకుకొను గుర్రమునకు వర్తింపదు. ఆ క్రీడకు పేరుపొందిన ఇంగ్లండునందే, 1949లో ఆరంభమైన బాడ్మింటన్ పోటీని నేల నీరుపట్టిన కారణమున 1987లోను 2012లోను నిర్వాహకులు రద్దుచేసిరి. ప్రపంచ ప్రసిద్ధులగు రౌతులు ఏడాదిపొడవునా ఎదురుచూచు పోటీయే నేలకు తలవంచగా, మన స్థానిక పోటీకి వచ్చు పరువుతక్కువ యేమున్నది? అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

అభ్యాసము లేనిదే చెడ్డనేలపై నిలుకడ రాదు గదా యని ఎదురువాదము చేయవచ్చును. ఆ వాదములో సత్యము కలదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలలో రఘువీర్ సింగు ఈ పోటీయందు స్వర్ణము గెలిచి, జట్టునకును స్వర్ణము తెచ్చినప్పుడు గాని, 2018లో జకార్తాలో ఫవాద్ మీర్జా రజతము గెలిచినప్పుడు గాని, ఆ ఫలితము పొడినేలపై షికారు చేసినందువలన వచ్చినది కాదు. వర్షకాలమందును గుర్రపు పందెములు జరుగు మా హైదరాబాదు మలకుపేటలో తడినేల యన్నది కొత్తమాట కాదు. కాని అభ్యాసము వేరు, పోటీ వేరు. అభ్యాసమునందు వేగము మన చేతిలో నుండును; జారినచో ఆగి, దిగి, గుర్రమును నడిపించుకొని రావచ్చును. పోటీయందు గడియారమును, ప్రేక్షకులును, కట్టిన రుసుమును, తోటివాని మార్కులును కలిసి రౌతును ముందుకు నెట్టుచుండును. తడినేలను అభ్యాసమునందు నేర్చుకొననివాడు దానిని పోటీలో నేర్వదలచుట గుర్రము ఖర్చుతో చదువుకొనుటయే యగును.

ఇచట నేను ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాను. గుర్రమునకును తెలుగువారికిని అరబ్బుదేశపు సంబంధము పాతది. ఓర్ముజునుండియు ఏడెనునుండియు వచ్చు గుర్రములను సాళువ నరసింహరాయలు, బ్రతికినను చచ్చినను ఒకే వెల చెల్లించి కొనెననియు, సముద్రముపై చచ్చినవాటి తోక తెచ్చి చూపినను వర్తకునకు సొమ్ము ముట్టెననియు పోర్చుగీసు యాత్రికుడు నూనిజు వ్రాసియుంచెను. అంతకు సుమారు రెండువందల యేండ్ల ముందే దక్షిణదేశమునకు వచ్చిన మార్కోపోలో, అచటి జనులకు గుర్రములను సాకు తెలివి లేక అవి చచ్చుచున్నవనియు, వర్తకులు కావలెననియే లాడము వేయు పనివారిని మన దేశమునకు రానీయరనియు చెప్పెను. నాడు గుర్రము వచ్చినది, దాని విద్య రాలేదు. నేడు కాలము తిరుగబడి, గుర్రము తన దేశముననే యుండగా, దానిని సాకు చేతులు జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమలనుండి ఇచటికి వచ్చుచున్నవి.

ఆ చేతులకు విద్య వచ్చినది. మాట మాత్రము రాలేదు. తెల్లవారుజామున నేలను మొదట త్రొక్కువాడు గుర్రమును సాకు సాయీసు. ఏ మలుపులో నీరు నిలిచినదో, ఏ గుర్రమునకు ఎడమ ముందుకాలు నిన్నటినుండి వెచ్చగా నున్నదో ఎరిగినవాడు అతడే. అయినను 'ఈ దినము వలదు' అని యజమానితో అనుటకు అతనికి నోరు రాదు. అది పిరికితనము కాదు, బ్రతుకుతెరువు. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వము ఉద్యోగము మారుటను సులభము చేయు సంస్కరణలు తెచ్చినను, ఇండ్లలోను, వ్యవసాయక్షేత్రములలోను పనిచేయువారిని వాటికి వెలుపలనే యుంచినది. మాటకు విలువ రావలెనన్నచో పని విడిచిపోగల స్వేచ్ఛ వెనుక నుండవలెను గదా! ఇక గుర్రము చెప్పగలిగినదెల్ల కంచెయెదుట ఆగుటయే; దానికి ఇరువది తప్పులు వేయుచున్నాము. ఈ విధముగా జారునేలపై నున్న ముగ్గురిలో ఒకడు చెప్పలేడు, ఒకటి చెప్పినచో శిక్ష పడును. శిక్ష లేకుండ కాదనగల స్వాతంత్ర్యము రౌతొక్కనికే కలదు. స్వాతంత్ర్యము కలవాడు లేనివారి పక్షమున దానిని వాడవలెను. నేను రౌతు ధర్మమన్నది దీనినే.

ధర్మము చెప్పి ఊరకుండుట పత్రికారచయితలకు సులభము గనుక, ఆచరణకు మూడు సూచనలు చేసెదను. పోటీ ఉదయమున నేలను నడిచి చూచు పెద్దలతోపాటు లాడము వేయువానిని, సాయీసుల ప్రతినిధిని ఒకనిని తప్పక నడిపించి, వారి యభిప్రాయమును వ్రాతమూలకముగా రౌతులందరికిని చదివి వినిపింపవలెను. నేల కారణమున వెనుదీసిన ఔత్సాహికునకు కట్టిన రుసుమును తిరిగి యీయవలెను. రూకలు పోవునను చింతతో గుర్రమెక్కువారి సంఖ్య మనమనుకొనునంత తక్కువ కాదు. ఇక మూడవది ఖర్చులేనిది: ఫలితముల పట్టికను చదువునప్పుడు వెనుదీసినవారి పేర్లను కడపట గొణిగి దాటిపోక, గెలిచినవారి పేర్లతో సమానముగా బిగ్గరగా చదువవలెను. ఆ పేర్లను పదిమంది వినుటకు అలవాటుపడినచో, 'ఈ దినము వలదు సారూ' అని సాయీసు అనగల దినము కూడ వచ్చును. అంతవరకు ఆ మాటను అతని బదులు రౌతే అనవలెను.

– పాంథుడు