సంఘ స్థాపకుల కూడికలో లెక్కలకు చోటెంత?

సంపాదకులకు,

సంఘ స్థాపకుల నెలవారీ కూడికలో బాప్తిస్మాల సంఖ్య, కానుకల వివరాలే ముందుగా చూడాలని గత సంచికలోని వ్యాసం సూచించింది. లెక్క అవసరమే, కానీ దానికి వేరే రోజు ఉండాలి. జీతం నిర్ణయించే పర్యవేక్షకుడి ఎదుట ఏ సేవకుడూ తన అలసటను, ఇంటి అప్పును, భార్యాబిడ్డల ఒంటరితనాన్ని బయటపెట్టలేడు.

మెథడిస్టుల అనుభవం ఇక్కడ గమనించదగ్గది. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను సుమారు పన్నెండేసి మందిగా విభజించి, వారానికో పెన్నీ వసూలు చేయించారు. ఇల్లిల్లూ తిరిగిన నాయకులకు డబ్బుతోపాటు మనుషుల కష్టాలూ, పతనాలూ తెలిశాయి. దాంతో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ ఆ వసూళ్ల బృందాలనే ఆత్మీయ సంరక్షణ తరగతులుగా మలిచాడు. అంతకంటే చిన్నవైన ‘బ్యాండు’లలో స్త్రీలు, పురుషులు, వివాహితులు, అవివాహితులు వేర్వేరుగా కూర్చునేవారు. మనసు విప్పి మాట్లాడడానికి అది వీలిచ్చింది.

నేటి తెలుగు పల్లెల్లో సేవకులకు ఐదారుగురి బృందం చాలు. ఆదివారపు ఆరాధనల అలసట తీరాక, వారం మధ్యలో కలవడం మేలు. ప్రసంగం ఉండకూడదు, ప్రతి ఒక్కరికీ మాట్లాడే సమయం దక్కాలి. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ విన్నది ప్రార్థన విన్నపం పేరుతోనైనా బయటికి పోకూడదు. చాలా బృందాలు చెదిరేది ఇక్కడే. పాస్టరమ్మలకు వేరే కూడిక తప్పనిసరి. వంట, అతిథి మర్యాదల బాధ్యత ఆ రోజు వారిపై పెట్టకూడదు.

ఒక పాఠకుడు