మందు ఎవరికి ఇవ్వాలి?

"నిద్ర పట్టడం లేదు, అశ్వగంధ ఇవ్వండి" అంటూ నా వైద్యశాలకు వచ్చేవారు ఎక్కువయ్యారు. నాడి చూచి సంగతులు అడిగితే తరచుగా తేలేది పై అధికారి గద్దింపో, ఇంటి పెద్ద కోపమో. అట్టివారికి లేహ్యమిచ్చి పంపడం సగం వైద్యమే.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నాడీశాస్త్రజ్ఞుడు రాబర్ట్ సపోల్‌స్కీ 1978 నుండి ఏళ్ల తరబడి కెన్యాలోని మసాయి మారా ప్రాంతంలో బబూన్ కోతులను పరిశీలించారు. మత్తుసూది వేసి, రక్తం తీసి, కార్టిసాల్ హార్మోనును కొలిచేవారు. పైవాటి వేధింపులు పడే కింది మగకోతులలో అది విశ్రాంతివేళ కూడా అధికంగా ఉండేది. ఆపదలో ప్రాణం కాపాడే ఆ స్రావమే నిత్యం అధికంగా ఉంటే రక్తపోటును పెంచి, రోగనిరోధకశక్తిని కుంగదీస్తుంది.

1980ల మధ్యలో ఒక గుంపులోని కలహప్రియమైన మగకోతులు విడిదిగృహపు చెత్తకుప్పలో క్షయ సోకిన మాంసం తిని మరణించాయి. మిగిలినవి సాధువులు. 1993 నాటికి ఆ పాత మగకోతులు ఒక్కటీ లేకున్నా, బయటినుండి వచ్చి చేరినవి ఆ సౌమ్యతనే అలవరచుకున్నాయి. కింది కోతులలో కార్టిసాల్ ఆధిక్యమూ కనబడలేదు. వాటికెవరూ ఔషధమివ్వలేదు సుమా!

మనమో, రోగికే ప్రజ్ఞాపరాధం అంటగట్టి సద్వృత్తం బోధిస్తాము. పాలకుల అధర్మం వలన జనపదాలు రోగాలపాలవుతాయని చరక సంహిత విమానస్థానం 3వ అధ్యాయం చెబుతున్నది. దానిని అంటువ్యాధులకే పరిమితం చేయడం నాకు సమ్మతం కాదు. ఇంటికీ కచేరీకీ కూడా పాలకుడుంటాడు గదా! కనుక వీలైనచోట ఇంటి పెద్దను కూడా రమ్మంటున్నాను. వచ్చేవారు తక్కువ. వచ్చినవారు "నాకేం జబ్బు?" అంటారు.