ఇంటిదొంగ ఎలక్ట్రాన్లు

1975 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పల్లెల్లోకి తొలిసారి టీవీ వచ్చింది. కోళ్ల జాలీతో చేసిన గొడుగులాంటి యాంటెన్నా, దాని పక్కన పెట్టె, పెట్టె ముందు ఊరు ఊరంతా! ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు ఏడాదిపాటు కార్యక్రమాలు చూపించిన 'సైట్' ప్రయోగమది. వాటిని ఆకాశం నుంచి అందించింది అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6. ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదే ఉపగ్రహం మీద శాన్‌డియాగో శాస్త్రవేత్తల పరికరం ఒకటి ఎలక్ట్రాన్లను లెక్కపెడుతుండేదనీ, ఆ లెక్కలో ఓ తిరకాసు ఉందనీ మాత్రం చాలామందికి తెలియదు.

పరికరంలో పడ్డ ఎలక్ట్రాన్లన్నీ అంతరిక్షం నుంచి వచ్చినవి కావు. ఉపగ్రహం ఒంట్లోంచే బయటికి దూకి, కాస్త దూరం వెళ్లి, వెనక్కి తిరిగొచ్చి లెక్కలో చేరిపోయినవీ ఉన్నాయి! పెళ్లిలో విస్తళ్లు లెక్కపెట్టి చుట్టాలెంతమంది వచ్చారో చెప్పబోతే, ఇంటివాళ్లవీ వంటవాళ్లవీ అందులో కలిసిపోయినట్టు.

అవి ఎందుకు దూకుతాయి? ఎండ వల్ల. సూర్యుడి అతినీలలోహిత కాంతి తగిలితే లోహంలోంచి ఎలక్ట్రాన్లు ఊడి వస్తాయి. ఐన్‌స్టీన్ 1905లో వివరించింది దీన్నే. ఆయనకు 1921 నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిందీ ఇదే... అందరూ అనుకునే సాపేక్ష సిద్ధాంతం కాదు.

కొన్ని ఊడితే ఏమైంది అనుకోవచ్చు. కానీ అక్కడ అసలు చుట్టాలే బహు తక్కువ. భూమి దగ్గర సౌరపవనంలో ఘన సెంటీమీటరుకు ఎలక్ట్రాన్లు అయిదో పదో ఉంటాయి. భూమి అయస్కాంత క్షేత్రం వెనకవైపు తోకలా సాగినచోట కొన్ని ప్రాంతాల్లో ఒక్కటి కూడా ఉండదు. పది ఘన సెంటీమీటర్లు వెతికితే ఒకటి దొరకొచ్చు. అలాంటిచోట ఇంటివాళ్లదే మందంతా.

ఎలక్ట్రాన్లు పోయేకొద్దీ ఉపగ్రహానికి ధనావేశం మిగులుతుంది. అది 30 వోల్టులు అనుకుందాం. 5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో దూకిన ఇంటి ఎలక్ట్రాన్ ఆ ఆకర్షణను దాటలేదు. వెనక్కి పడి, పరికరంలోకి దూరితే 5గానే నమోదవుతుంది. బయటి నుంచి అంతే శక్తితో వచ్చే అసలు ఎలక్ట్రాన్‌ను ఉపగ్రహం తన వైపు లాక్కుంటుంది కాబట్టి అది 35 శక్తితో వచ్చి పడుతుంది. అంటే 30 దగ్గర గీత గీస్తే కింద ఉన్నవి ఇంటివి, పైన ఉన్నవి బయటివి. కింది వాటిని పారేసి, పై వాటి నుంచి తలా 30 తీసేస్తే అసలు లెక్క తేలాలి.

గీత ఎక్కడ గీయాలో తెలిస్తేనే! వోల్టు అటూ ఇటూ అయితే చల్లటి ఇంటి ఎలక్ట్రాన్లు లెక్కలో చొరబడతాయి, లేదా అసలువి కొట్టుకుపోతాయి. అప్పుడు ప్లాస్మా ఉన్నదానికన్నా చిక్కగానో పలచగానో, చల్లగానో వేడిగానో కనిపిస్తుంది. అందుకే ఉపగ్రహం నుంచి పొడవాటి తీగలు చాచి, వాటి చివర గోళాలు కట్టి, అక్కడికీ ఒంటికీ ఉన్న వోల్టుల తేడా చూస్తారు. 2015లో నాసా పంపిన నాలుగు ఎంఎంఎస్ ఉపగ్రహాల తీగలు ఒక్కోటీ 60 మీటర్లు.

అసలు ఆవేశాన్నే దించితే పోదా? ఆ పనీ చేశారు. యూరప్ వాళ్లు 2000లో పంపిన క్లస్టర్ ఉపగ్రహాల్లోనూ, ఆ తర్వాత ఎంఎంఎస్‌లోనూ ఇండియం అనే మెత్తటి లోహాన్ని కరిగించి, సూదిమొన నుంచి దాని అయాన్లను బయటికి చిమ్మే ఏర్పాటు ఉంది. ధనావేశం వాటితో పోతుంది. ఎంఎంఎస్‌లో దాన్ని 4 వోల్టుల లోపే ఉంచడం లక్ష్యం.

క్లస్టర్‌లో ఇంకో ముచ్చటైన ఉపాయం ఉండేది. ప్లాస్మాను రేడియో తరంగంతో ఓసారి కదిపితే అది తనదైన పౌనఃపున్యంలో మోగుతుంది. ఘన సెంటీమీటరుకు ఒక ఎలక్ట్రాన్ ఉంటే సుమారు 9 కిలోహెర్ట్జ్, నాలుగుంటే 18. పరికరం నోట్లో పడినవాటితో దీనికి పనిలేదు. కాబట్టి లెక్కపెట్టిన సంఖ్య దీనితో సరిపోకపోతే లెక్కలోనే తేడా ఉన్నట్టు.

ఇంత చేసినా ఎంఎంఎస్‌లో మరో రకం దొంగలు దొరికాయి. ఎండ పరికరం నోట్లోకే దూరి, లోపలి గోడల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతోంది. ఇవి లోపలే పుట్టేవి. గీత వీటికి వర్తించదు, దాని పైనా కనిపిస్తాయి. ఉపగ్రహం బొంగరంలా తిరుగుతుంటుంది కదా, ఏ కోణంలో ఎండ పడినప్పుడు ఎన్ని పుడుతున్నాయో చాలా కొలతల నుంచి పట్టిక తయారుచేసి, ఆ మేరకు తీసేయాల్సి వచ్చింది. 2017లో ఆ వివరాలు ప్రచురించారు. పేరుకు తీసివేతే కానీ, మొత్తం వ్యవహారంలో కష్టమైన పని ఇదే అనిపిస్తుంది.

ఎంఎంఎస్ వెతికింది అయస్కాంత రేఖలు తెగి మళ్లీ అతుక్కునే చోటును. సూర్యుడి మీద పేలుళ్లకూ ధ్రువాల దగ్గర ఆకాశంలో రంగుల వెలుగులకూ వెనకున్న ప్రక్రియ అది. 2015 అక్టోబరు 16న ఆ ఉపగ్రహాలు అలాంటి చోటు గుండా దూసుకుపోయాయి. ఆ చోటు వెడల్పు కొద్ది కిలోమీటర్లే. దాటడానికి పట్టేది రెప్పపాటు. అందుకే ఎలక్ట్రాన్ల పరికరాన్ని సెకనుకు 33 సార్లు లెక్క ఇచ్చేలా తయారుచేశారు. అంత చిన్న లెక్కలో ఇంటివి నాలుగు కలిసినా కథ మారిపోతుంది.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1లోనూ సౌరపవనంలోని ఎలక్ట్రాన్లను లెక్కపెట్టే 'పాపా' అనే పరికరం ఉంది. తిరువనంతపురంలో తయారైంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఆ నౌక తిరిగేచోట భూమి నీడ పడదు. ఇరవై నాలుగ్గంటలూ ఎండే.