ముఖచిత్రముల భాష

పదునాలుగేండ్ల విద్యార్థి పద్యమును చదివినపుడు ప్రతిపదార్థము, తాత్పర్యము, అలంకారము చెప్పవలెనని మనము కోరుదుము. అదే విద్యార్థి అంగడిలో వ్రేలాడు రంగుల పత్రికనో, చేతిలోని ఫోనులో మెరయు పాట బొమ్మనో చూచినపుడు, అది తనతో ఏమి చెప్పుచున్నదో, ఎట్లు చెప్పుచున్నదో విచారింపుమని కోరువారు లేరు. పద్యము వ్రాసిన కవికి ఈ బాలుని వయసు తెలియదు; వాని జేబులోని డబ్బు తెలియదు. ఆ బొమ్మను కూర్చినవానికి రెండును తెలియును. తెలియనివాని మాటను మాత్రము పదపదముగా విమర్శించి, తెలిసినవాని మాటను విమర్శ లేక అంగీకరించుట మన విద్యావిధానములోని వింత.

యువజనులకై వెలువడు పత్రికలలో సంగీత పత్రికలది ప్రత్యేకస్థానము. పాట వినబడునదే గాని కనబడునది కాదు. కనబడని పాటకు ఒక ముఖమును, ఒక రంగును, ఒక వేషమును కల్పించి, ‘ఇది నీది’ అని పాఠకునకు అప్పగించుట వాని పని. బ్రిటనులో ఈ విద్య పాఠశాలకు సైతము ఎక్కినది. అచటి ఓ.సి.ఆర్. పరీక్షామండలి 2008 తరువాత కొన్నియేండ్లపాటు, మన ఇంటర్మీడియట్ వయసున నుండు మాధ్యమశాస్త్ర విద్యార్థులకు ఒక పని నప్పగించినది. ఒక క్రొత్త సంగీత పత్రికకు అట్టను, విషయసూచికను, రెండు పుటల వ్యాసమును వారే కూర్చవలెను. పిమ్మట, ఆ పత్రిక ఏ వర్గమువారిని ఎట్లు చిత్రించుచున్నది, పాఠకుల నెట్లు ఆకర్షించుచున్నది అను ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను.

పైకి ఈ ప్రశ్నలు రెండు, నిజమునకు ఒక్కటే. పత్రిక మొదట యువకుని బొమ్మ గీయును. పిదప ఆ బొమ్మవలె నుండుమని యువకుని పిలుచును. అద్దముగా కనబడునది అచ్చుగా పనిచేయుచున్నది.

ఈ మాటకు చరిత్రయే సాక్ష్యము. ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ 1952లో ఆ పేరుతో లండనులో వెలువడసాగి, ఆ యేడు నవంబరు 14న రికార్డుల అమ్మకముల వరుసపట్టికను బ్రిటనులో తొలిసారిగా ప్రకటించినది. నాటి దాని రూపము వార్తాపత్రిక రూపమే. నాటి యువకుడు దాని దృష్టిలో రికార్డులు కొనువాడు. 1967 నవంబరు 9వ తేదీతో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో వెలువడిన ‘రోలింగ్ స్టోన్’ మొదటి సంచికపై సైనికవేషమున నున్న జాన్ లెనన్ బొమ్మ వేసిరి. పత్రిక పేరును మెలికలు తిరిగిన అక్షరములలో తీర్చినవాడు రిక్ గ్రిఫిన్ అను గోడపత్రికల చిత్రకారుడు. ఆ అట్ట యువకుని కొనుగోలుదారుగా గాక ఒక తరమునకు ప్రతినిధిగా పలుకరించినది.

1976లో లండనులో బ్యాంకు గుమాస్తాగా నుండిన మార్క్ పెర్రీ అను యువకుడు ‘స్నిఫిన్ గ్లూ’ అను చిన్న పత్రికను ప్రారంభించెను. టైపు కొట్టిన పుటలు, లావుపాటి కలముతో చేతివ్రాత శీర్షికలు, యంత్రముపై తీసిన నకళ్లు. అంతకుమించి దానికి అలంకారము లేదు. ఆ మొరటుదనమే దాని సందేశము. ‘నాకు చేతనైనది నీకును చేతనగును’ అని ప్రతి పుటయు చెప్పకయే చెప్పినది. రూపకల్పన యువకుని సాటివానిగా ఎంచినప్పుడు ఎట్లుండునో చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

రెండేండ్లకే, 1978లో, ‘స్మాష్ హిట్స్’ మరియొక త్రోవ త్రొక్కినది. నునుపు కాగితము, పండుగ రంగులు, గోడకు తగిలించుకొను బొమ్మలు, అన్నిటికి మించి ప్రచారములో నున్న పాటల పూర్తిపాఠములు! మనకిది క్రొత్త కాదు. సినిమాహాళ్లయొద్ద ఒకప్పుడు చిల్లర డబ్బులకు అమ్మిన పాటల పుస్తకములు ఈ విద్యనే ఎరిగియుండెను. అట్టపై నాయికానాయకులు, లోపల పాటలు, సగములో ఆపి తక్కిన కథను వెండితెరపై చూడుమని ఊరించు కథాసంగ్రహము. పాటలోని మాటలు చేతికిచ్చినవాడు పాటను సగము ఇచ్చినట్లే. ఆ పుస్తకములు చూచి పాడుచు చదువ నేర్చినవారు మనలో లేకపోలేదు.

అట్ట కూర్చుటలోని కిటుకులు పెద్ద రహస్యములు కావు. అంగడి బల్లపై పత్రికలు ఒకదానిపై నొకటి వాలియుండును గనుక ఎడమవైపు అంచే అన్నిటికంటె ముందు కంటబడును. పేరు మొదలగు ముఖ్యమైన మాటలు అచట చేరుటకు కారణమిదియే. బొమ్మలోని గాయకుడు కన్నులెత్తి సూటిగా పాఠకునే చూచును. శీర్షికలు ‘నీవు’ అని పిలుచును. అక్షరము సైతము పాడును. 1981లో పుట్టిన ‘కెరాంగ్’ పేరే విద్యుత్ గిటారు మ్రోత; ఆ పేరులోని అక్షరములు పగిలిన గాజువలె బీటలు వారియుండును. చదువ నేరనివానికి సైతము అది ఏ సంగీతమో తెలియును.

అయితే అట్టపై ఎవరున్నారని అడిగినంత మాత్రమున చాలదు. ఎవరు లేరని కూడ అడుగవలెను. ర్యాప్ సంగీతమునకు పెద్ద పత్రికలు చాలినంత చోటీయని కాలమున, 1988లో అమెరికాలోని హార్వర్డ్ విద్యార్థులు సమాచారపత్రముగా ప్రారంభించినదే ‘ది సోర్స్’. లేని ముఖమునకై ఒక పత్రికయే పుట్టవలసివచ్చినది. అట్టపైనున్న యువతి వాద్యము పట్టిన కళాకారిణియా, కేవలము అలంకారమా అను ప్రశ్నయు ఇట్టిదే.

అచ్చుపత్రికల ప్రాభవము తగ్గినది నిజము. ‘స్మాష్ హిట్స్’ 2006లో నిలిచిపోయినది. ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ వారపత్రికగా అచ్చగుట 2018 మార్చితో ముగిసినది. 2023లో మరల అచ్చెక్కినను అది వెనుకటి వారపత్రిక కాదు. కాని ముఖచిత్రము చావలేదు. అది గోరంత యగుటచే ఫోనులో దూరినది. పాట వినుటకు ముందు మన పిల్లలు చూచుచున్నది ఆ గోరంత బొమ్మనే. అచట తెలుగు పాటకు సైతము పేరు తరచుగా ఆంగ్లలిపిలోనే యుండును. వ్యాపారరీత్యా దానికి కారణములు ఉండవచ్చును. కాని దినమునకు పదిమార్లు దానిని చూచు పిల్లవానికి అందు వినవచ్చు మాట వేరు: తెలుగు చెవికి చాలును, కంటికి చాలదు, తెలుగు అక్షరము పాఠ్యపుస్తకమునకే గాని యౌవనమునకు తగదు అని. ఈ మాట నోటితో ననినవాడు లేడు. కనుకనే దానికి జవాబు చెప్పినవాడును లేడు.

జవాబు చెప్పవలసినది తెలుగు తరగతియే. నిషేధము జవాబు కాదు; ఈసడింపు అంతకంటెను కాదు. నెలకొక్క గంట చాలును. ఉపాధ్యాయుడు ఒక బొమ్మను నల్లబల్లపై నుంచి అడుగవలెను: ఇందులో నున్నవారెవరు, లేనివారెవరు? ఈ రంగు, ఈ అక్షరము ఎవరిని పిలుచుచున్నవి? పిలిచినవానికి లాభమేమి? తరువాత, తమకు నచ్చిన తెలుగు పాటకు తెలుగు అక్షరములలో ఒక ముఖచిత్రము వ్రాసి తెమ్మని విద్యార్థులను కోరవలెను. ఒక్కమారు తాను అట్ట కూర్చిన బాలుడు మరల ఏ అట్టను అమాయకముగా చూడడు. తన అక్షరమును తాను అందముగా తీర్చిన బాలునకు దానియందు చిన్నచూపు నిలువదు.