పాట ఒకరిది, పడవ ఒకరిది

రేవు ఎవరిదంటే వేలంలో పాట పాడినవాడి పేరు చెప్తారు. గడ వేసేది, అడుగున చేరిన నీళ్లు తోడేది మాత్రం ఏ పాటలోనూ నోరెత్తని బెస్త పడవకారి. గోదావరి పొడవునా పాటదారులు మారారు, సర్కార్లు మారినయి. గడ పట్టిన చెయ్యి మాత్రం మారలేదు.

కిందికి పోతే నరసాపురం–సఖినేటిపల్లి రేవు ఉంది. వశిష్ఠ పాయ మీద పంట్లు మనుషుల్ని, బండ్లను, కార్లను దాటిస్తయి. ఆ రేవు దక్కాలంటే వేలంలో పాడుకోవాలి. పాడినవాడికి గడువు కొద్ది, కట్టిన సొమ్ము పెద్దది. గడువు లోపల అది రాబట్టుకోవాలె. ఆ మీద రేవు ఎవరి చేతికి పోతుందో తెలియనప్పుడు ఇంజను బాగుచేయించడానికి, పగిలిన పలక మార్పించడానికి మనసెట్లా ఒప్పుతుంది? తప్పు మనిషిది కాదు, పాటది. ఇంకో నలుగుర్ని ఎక్కించుకొమ్మని చెప్పేది కూడా ఆ పాటే.

మన వైపు కథ వేరే దారి పట్టింది. మంథని దాటి, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం పోతే అవతలి ఒడ్డు సిరోంచ. పేరుకు మహారాష్ట్ర, మాట తెలుగు, పెండ్లి సంబంధాలు రెండు ఒడ్లకూ. 1860లలో ఆ సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రం. తెల్లదొరలు సముద్రం నుంచి ఇక్కడిదాకా, ఇంకా పైకి, స్టీమర్లు నడపాలని తలపెట్టారు. ఇంజనీర్లలో కాటన్‌ది ఊహ, హేగ్‌ది పర్యవేక్షణ. నదిలో రాతి అడ్డులు మూడు: దుమ్ముగూడెం దగ్గర, ఇచ్చంపల్లి దగ్గర, ప్రాణహితలో దేవలమర్రి దగ్గర. వాటిని దాటించడానికి ఆనకట్టలు, లాకులు మొదలుపెట్టారు. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. స్టీమర్లలో దింపాలనుకున్న పత్తికి ఇక నది దారి అక్కరలేకపోయింది. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మిగిలింది, దొరలు పోయారు. జనాన్ని దాటించింది మళ్లీ నాటుపడవే, ఇంకో నూటనలభై ఏండ్ల పైన.

2016 చివర్లో కాళేశ్వరం–సిరోంచ వంతెన తెరిచారు. మంచిదే. పురిటి నొప్పులతో ఉన్న ఆడమనిషిని పడవలో పడుకోబెట్టే రోజులు పోయినయి. పడవల మీద బెంగ పెట్టుకునేవాళ్లు ఒక్కసారి ఆ మాట తలుచుకోవాలె. తర్వాత మేడిగడ్డ బ్యారేజీ మీద కూడా దారి వచ్చింది. 2023 అక్టోబరులో దాని స్తంభాలు కుంగినయి, ఆ దారి మూసేశారు. వంతెన వచ్చినా నదితో పని తీరిపోలేదని అప్పుడైనా తెలియాలి.

ప్రాణహిత ఒడ్డున ఇంకా నాటుపడవే దిక్కైన ఊళ్లున్నయి. 2019 డిసెంబరులో గూడెం దగ్గర పడవ బోల్తాపడి ఇద్దరు అటవీ ఉద్యోగులు గల్లంతయ్యారు. పాట ఉన్న రేవులో కనీసం అడగడానికి ఒక పాటదారు ఉంటాడు. ఇక్కడ అదీ లేదు. ప్రమాదం జరిగిన నాడు పడవకారి ఒక్కడే దొరుకుతాడు, కేసూ అతని మీదనే.

చెరువుల విషయంలో మనకు ఈ తెలివి ఉంది. చేపలు పట్టే హక్కు ఎక్కువ పాడిన కంట్రాక్టరుకు కాకుండా మత్స్యకారుల సహకార సంఘానికి నామమాత్రపు కౌలుకు ఇస్తున్నాం. నీళ్లను కనిపెట్టుకుని ఉండేది వాళ్లే గనుక. అదే నీతి రేవుకెందుకు పనికిరాదు? పడవల లెక్క సంగతికొస్తే, 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ఇంజను లేని పడవల నమోదును స్థానిక సంస్థల స్థాయికి దింపే వీలు ఇచ్చింది. ఆ వీలు వాడుకోవాలంటే సర్కారుకు మనసుండాలి.

పెద్దపల్లి, మంచిర్యాల, భూపాలపల్లి, ఆసిఫాబాద్ కలెక్టర్లకు ఒక్క విన్నపం. వానాకాలం రాకముందే ఒడ్డున ఉన్న ప్రతి పడవనూ లెక్క రాయించండి. ఎందరు ఎక్కాలో దాని పక్కమీద తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి, అందరికీ సరిపడా లైఫ్ జాకెట్లు ఇప్పించండి. రేవును కనీసం ఐదేండ్లకు బెస్తల సంఘానికి అప్పజెప్పండి.