ఇంటి పలుకును బడి పలుకును

ప్రతి సంవత్సరము జూన్ నెలలో పాఠశాల తెఱచునప్పుడు, పిల్లలను చేర్పించుటకై వచ్చు తల్లిదండ్రులు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు. "సార్, మా పిలగానికి ఇంగ్లీషు మంచిగ రావాలంటే ఇంట్ల తెలుగు బందు పెట్టాల్నా?" అని కరీంనగరము చుట్టుపట్లవా రందురు. ఉట్నూరు, జైనూరు ప్రాంతములనుండి వచ్చి పిల్లలను వసతి గృహమున నుంచువారు గోండీని గూర్చి యిదే యడుగుదురు. ఇంట ఉర్దూ మాటలాడువారును అట్లే యడుగుదురు. భాషలు వేఱైనను భయ మొక్కటే. ఆ ప్రశ్నకు మాకు తోచిన యుత్తరమును ఈ యేటి సంచికలో వ్రాయుచున్నాము. చదువరులు బాగోగులు విచారించి, గుణ మున్నచో గ్రహింతురు గాక.

మొదట ఒక తల్లి మాట చెప్పవలెను. రెండేండ్ల క్రిందట ఆమె తన కుమారుని ఆఱవ తరగతిలో చేర్చుటకు వచ్చినది. అంతకుముందు వాడు చదివిన చోట, ఇంటిలోను ఇంగ్లీషే మాటలాడవలెనని చెప్పిరట. ఆమె పదవ తరగతి వఱకు చదివినది. తడుముకొనకుండ ఆమెకు వచ్చు ఇంగ్లీషు వాక్యములు ఇరువదికి మించవు. రమ్ము, కూర్చుండుము, తినుము, వ్రాయుము, నిద్రపొమ్ము అను నీ యాజ్ఞలతోనే మూడేండ్లు కుమారునితో సంసారము గడపినది. వాని నాయనమ్మ కథలు చెప్పుట మానుకొన్నది. చెప్పినచో మనుమని చదువు చెడునని యామె భయపడినది. "వానికి ఇంగ్లీషు అంతంతనే వచ్చింది సార్. నాతోని మాట్లాడుడు మాత్రం తక్వైంది" అని యా తల్లి చెప్పి, కన్నులు తుడుచుకొన్నది. మేమీ వ్యాసము వ్రాయుటకు కారణ మా మాటయే.

మన ప్రాంతమునకు రెండు భాషలు క్రొత్త గావు. 2016వ సంవత్సరమున చిన్న జిల్లాలుగా విభజింపబడుటకు పూర్వము కరీంనగరము, ఆదిలాబాదు అను రెండు పెద్ద జిల్లాలు గోదావరి కిరువైపుల నుండెను. ఈ నేలమీద తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండీ, కొలామీ, లంబాడీ భాషలు తరతరములుగా ఒకదాని ప్రక్క నొకటి బ్రదుకుచున్నవి. పెన్‌గంగ యొడ్డున నున్న యూళ్లలో తెలుగు, మరాఠీ రెండును ధారాళముగా మాటలాడువా రెందఱో కలరు. వారపు అంగడిలో కూరగాయ లమ్ము అవ్వ, వచ్చిన వానిని బట్టి భాష మార్చి బేరమాడును; ఆమెకు ఎవ్వరును వ్యాకరణము చెప్పలేదు. సిరిసిల్ల ప్రాంతపు పద్మశాలీలు మగ్గముల పనికై భీవండికి, షోలాపురమునకు వలసపోయి, వీధిలో మరాఠీ నేర్చి, ఇంట తెలుగును నిలుపుకొనిరి. మన యిండ్లలోని బొత్తాము, మేస్త్రీ, అలమార, తువాలు అను మాటలు సముద్రము దాటి వచ్చిన పోర్చుగీసు మాటలే. వాని రాకచేత తెలుగు చెడలేదు. మన యవ్వలు వానిని తెలుగు మాటలే యనుకొని వాడుచున్నారు.

ఇంట నొక భాష, బడిలో నొక భాష యనునదియు మనకు పూర్వానుభవమే. నిజాం పరిపాలనలో ఉర్దూ రాజభాష. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1948 వఱకు బోధన ఉర్దూలోనే జరిగెను. ఆ కాలమున మన తాతలు ఇంట తెలుగును, బడిలో ఉర్దూను పలికిరి. నాటి కరీంనగరము జిల్లాలోని హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమమున చదువుకొని, పిదప తెలుగు ఆచార్యులై, 'విశ్వంభర' కావ్యమునకు 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును పొందిరి. వంగర గ్రామమున పెరిగి 1991లో భారత ప్రధానియైన పి. వి. నరసింహారావుగారు, విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' నవలను హిందీలోనికిని, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితము' అను పేర తెలుగులోనికిని మార్చిరి. పొరుగు జిల్లాయైన వరంగల్లులో పెరిగిన కాళోజీ నారాయణరావుగారి తల్లి కన్నడము, తండ్రి మరాఠీ మాటలాడువారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9వ తేదీనే నేడు తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

ఈ పెద్దల పేర్లు చెప్పి, తెలియని భాషలో పాఠము చెప్పుట మంచిదని వాదించుట మా యుద్దేశము గాదు. అట్టి పాఠము తలకెక్కక బడి మానినవారి పేర్లు ఏ గ్రంథమునను కానరావు. మేము చెప్పునది ఇంతమాత్రమే: రెండవ భాష నేర్చుటకు ఇంటి భాష వీరి కడ్డు రాలేదు. దానిని విడిచిన తరువాత గాదు, దానిని పట్టుకొనియే వీరు తక్కిన భాషలు నేర్చిరి.

"రెండు భాషలు కలిసిన పిల్లల బుద్ధి మందగించును గదా" యని కొంద ఱందురు. ఈ భయము మన దేశమున పుట్టినది గాదు. బ్రిటను ద్వీపమందలి వేల్సు దేశమున 19వ శతాబ్దమున, బడిలో వెల్షు భాష పలికిన బాలుని మెడలో ఒక కొయ్యముక్కను వ్రేలాడదీయు నాచార ముండెను. అచ్చటనే 1923లో సేర్ అను పరిశోధకుడు, పల్లెలలో రెండు భాషలు మాటలాడు పిల్లలు పరీక్షలలో వెనుకబడిరని ప్రకటించెను. ఆ పిల్లల కుటుంబముల స్థితిగతులను ఆయన తగినంతగా లెక్కలోనికి తీసికొనలేదని తరువాతివారు చూపిరి. 1962లో కెనడా దేశపు మాంట్రియల్ నగరమున పీల్, లాంబర్ట్ అను నిద్దఱు పదేండ్ల పిల్లలను పరీక్షింపగా, ఫ్రెంచి, ఇంగ్లీషు రెండును బాగుగా వచ్చినవారు వెనుకబడకపోగా ముందే యుండిరి. రెండు భాషలవలన బుద్ధి పెరిగి తీరునని మేము చెప్పము. ఆ విషయమున పండితులలో వాదములు గలవు. తగ్గునను భయమునకు మాత్రము ఆధారము లేదు. ఒకప్పుడు కొయ్యముక్క వ్రేలాడదీసిన ఆ వేల్సులోనే 1939లో ఆబెరిస్ట్విత్ పట్టణమున వెల్షు భాషలో బోధించు ప్రాథమిక పాఠశాల వెలసినది.

ఇక మన జిల్లాలలో అన్నిటికన్న కష్టమైన సంగతి గోండీ పిల్లలది. తెలుగు పిల్లవానికి ఇంటి భాష బడిలో ఒక పాఠముగానైన వినబడును. గోండు బిడ్డకు అదియు తఱచుగా లేదు. ఇంట గోండీ, బడిలో తెలుగు, ఆ పైన ఇంగ్లీషు. అయినను గోండీ తెలుగునకు పరాయిది గాదు. ద్రావిడ భాషలలో ఈ రెండును ఒకే శాఖకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మనము రెండు, మూడు అన్నచో వారు రండ్, ముండ్ అందురు. మనకు ఏరనిన పాఱు నీరు. వారికి ఏర్ అనిన నీరే. ఈ చిన్న సంగతి యెఱిగిన యుపాధ్యాయుడు మొదటి దినముననే బిడ్డ చేయి పట్టుకొనగలడు. ఎఱుగనివాడు "వీనికి నీళ్లనిన గూడ తెలియద"ని విసుగుకొనును. గోండీ మాటలాడువారు దేశమున కొలదిమందియు గారు. 2011 జనాభా లెక్కలలో వారి సంఖ్య 29 లక్షల 84 వేలకు పైబడినది.

ఈ పని చేయవచ్చునని మన జిల్లాయే ఒకప్పుడు చూపినది. 1940లో జోడేఘాట్ యొద్ద కుమ్రం భీం ప్రాణము లర్పించిన పిదప, గోండుల స్థితిని విచారించుటకై నిజాం ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. ఆయన సలహాపై 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసినది. గోండీ భాషలో, దేవనాగరి యక్షరములతో వాచకములు సిద్ధమైనవి. గోండు యువకులే గోండు పిల్లలకు గురువులైరి. ఆ యేర్పాటు చిరకాలము నిలువలేదు. కాని ఆ దంపతులను అచ్చటివారు మఱువలేదు. 1987లో మరణించిన ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే యున్నది.

తరువాతను కొంత పని జరిగినది. తల్లిభాషలో ప్రాథమిక విద్య గఱపుటకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చిరి. నారనూరు మండలములోని గుంజాల గ్రామమున లభించిన వ్రాతప్రతులవలన గోండీకి సొంత లిపి యొకటి యున్నట్లు లోకమునకు తెలిసినది. అవి 1750 ప్రాంతమువని పరిశోధకుల యంచనా. 2018లో ఆ లిపి కంప్యూటరు యక్షరముల ప్రపంచ పట్టికయైన యూనికోడ్‌లో చేరినది. 2020 జాతీయ విద్యావిధానమును వీలైనచోట నెల్ల ఐదవ తరగతి వఱకు ఇంటి భాషలో బోధింపుమనుచున్నది. శాసనములు గలవు, లిపి గలదు. ఇంట తల్లిదండ్రులు, బడిలో మేము పూనుకొనవలసిన పని మిగిలియున్నది.

కావున తల్లిదండ్రులకు మా విన్నప మిది. మీరు ఏ భాషలో నవ్వుదురో, కోపపడుదురో, సామెత చెప్పుదురో ఆ భాషలోనే మీ బిడ్డతో మాటలాడుడు. మీకు కొఱతగా వచ్చిన ఇంగ్లీషును బిడ్డకు పంచినచో వానికి కొఱతయే సంక్రమించును. నిండుగా వచ్చిన తెలుగును గాని, గోండీని గాని, ఉర్దూను గాని పంచినచో నిండైన భాష యెట్లుండునో వాడు తెలిసికొనును. ఒక భాషలో కారణము చెప్ప నేర్చినవాడు రెండవ భాషలో మాటలు మాత్రమే వెదకుకొనవలెను. ఏ భాషలోను నేర్వనివాడు రెండును వెదకుకొనవలెను.

తల్లిది యొక భాష, తండ్రిది యొక భాష యైనచో ఎవరి భాషలో వారు మాటలాడుట మంచిది. ఫ్రాన్సు దేశమున రోంజా అను పండితుడు ఫ్రెంచిలోను, ఆయన భార్య జర్మనులోను కుమారునితో మాటలాడుచు వచ్చిరి. బాలునకు రెండును చక్కగా వచ్చెనని 1913లో ఆయన గ్రంథము వ్రాసెను. మొదట పిల్లలు రెండు భాషల మాటలు కలిపి పలికినచో గేలి చేయకుడు. ఒక భాషలో మాట దొరకనప్పుడు రెండవదానినుండి తెచ్చుకొనుట నేర్చుకొనుటలో భాగమే. రాత్రి పడుకొనబోవునపుడు పావుగంట కథకు కేటాయింపుడు. ఇంటి భాషకు అక్షరము లున్నచో చదువుటయు నేర్పుడు; చదువబడని భాష పెద్దపిల్లల నోట త్వరగా సన్నగిల్లును.

ఇంగ్లీషు వలదని మే మనుట లేదు. పై చదువులకును, ఉద్యోగములకును అది కావలెను. దానిని నేర్పు బాధ్యత మాది. ఆ బాధ్యతను చదువుకొనని తల్లిమీద వేసి, తప్పంతయు ఆమెదే యనుట న్యాయము గాదు. ఇంటి భాష పలికిన విద్యార్థికి జరిమానా విధించు నాచారము ఎచ్చట నున్నను మానవలసినదే. ఇంగ్లీషు గంటలో ఇంగ్లీషు పలికింపుదము. ఆటస్థలమున పిల్లల నాలుకకు కాపలా పెట్టకుందము.

విద్యార్థులారా, మీకును ఒక పని. ఈ సెలవులలో మీ నాయనమ్మనో, అమ్మమ్మనో అడిగి, మీకు తెలియని పది యింటి మాటలు వ్రాసి తెండు. గోండీ, కొలామీ పిల్లలును తమ మాటలు తెలుగు అక్షరములతో వ్రాసి తేవచ్చును. వచ్చు సంచికలో వానిని అచ్చు వేయింతుము.

ఆ తల్లికి మేము చెప్పినదియు నిదియే. నాయనమ్మను మరల కథలు చెప్పనిమ్మని కోరితిమి. ఆమె నమ్మీ నమ్మక వెళ్లినది. ఈ యేడు ఆ బాలుడు మా పత్రికకు ఒక కథ తెచ్చి యిచ్చినాడు. నాయనమ్మ చెప్పినదానిని తెలుగున వ్రాసి, తానే ఇంగ్లీషులోనికి మార్చినాడు. ఇంగ్లీషున తొమ్మిది తప్పులుండెను, దిద్దితిమి. తెలుగున నాలుగుండెను, వానిని గూడ దిద్దితిమి. అచ్చుప్రతి వచ్చిన దినమున వాడు తెలుగు పుటను ముందుగా తీసి, నాయనమ్మకు చదివి వినిపింపవలెనని ఇంటికి పరుగెత్తినాడు.